చింతపండుతో తోమిన రెండు రూపాయల బిళ్ల

ఈ రోజు నాకు సెలవు. చేపల పులుసు పెడదామని చింతపండు నానబెట్టి పిసుకుతుంటే మళ్లీ అదే వాసన. గిన్నె స్టీలుది, నీళ్లు కుళాయివి, చేతిలో చింతపండు తప్ప ఇంకేమీ లేదు. అయినా పులుపు వెనకాల నా ముక్కుకు పాత చిల్లర వాసన తగులుతుంది. ఇన్నేళ్లయినా పోలేదు. చెయ్యి కడుక్కుని, మళ్లీ వాసన చూసుకుని, మళ్లీ కడుక్కుంటుంటే మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. "చేపల వాసనేగా అమ్మా, పోతుందిలే" అంది. దానికి అసలు సంగతి చెప్పాలంటే దేవసహాయం గారి గురించి చెప్పాలి, ఆ తరవాత నేను చేసిన పని గురించి చెప్పాలి. మొదటిది సంతోషంగా చెప్పగలను. రెండోది చెప్పడానికే నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఒక ఉదయం డ్యూటీకి తయారవుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కుప్పకూలిపోయారు. ఆరు నెలల తరవాత ఆయన బదులుగా నాకు అదే డిపోలో కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. అప్పటిదాకా చీరాల దాటి ఒంటరిగా బస్సెక్కని దాన్ని, భుజాన సంచీ, చేతిలో టికెట్ మిషనూ పట్టుకుని చీరాల నుంచి పర్చూరు మీదుగా గుంటూరు వెళ్లే బస్సులో నిలబడ్డాను. పని నేర్పించడానికి నా పక్కన వేసిన పెద్ద కండక్టరే దేవసహాయం గారు. బక్కపలచని మనిషి. యాభై దాటి ఉంటాయి. పర్చూరు పక్క పల్లె ఆయనది, వాళ్లమ్మ మిరపకాయలు కోసే కూలీ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే అని చెప్పేవారు గానీ బస్సులో మాత్రం గొంతు పెంచి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. మొదటి రోజు ఎవరో కుర్రాళ్లు "కొత్తమ్మకు లెక్కలొచ్చా?" అని నవ్వితే, వాళ్లిచ్చిన చిల్లర చూడకుండా దబదబా సంచిలో కుమ్మరించాను.

"అమ్మాయ్, చేతిలోకొచ్చినదాన్ని ఒకసారి మొహం చూసి సంచిలో వెయ్యి" అన్నారు వెనక నుంచి.

"చూసేదేముంది సార్, రెండు రూపాయలు రెండు రూపాయలేగా" అన్నాను విసురుగా.

ఆయన నవ్వి, నా సంచిలోంచి ఒక బిళ్ల తీసి వేలితో చూపించారు. "ఇక్కడ అచ్చేసిన ఏడు, అంటే సంవత్సరం, రాసుంటది. దాని కింద సన్నగా ఒక గుర్తుంటది, ఏ ఊళ్లో అచ్చేశారో చెప్పేది. నక్షత్రముంటే హైదరాబాదు. చిన్న బొట్టుంటే నోయిడా. డైమండుంటే బొంబాయి. దీని కిందేముందో చూడు."

కళ్లు చికిలించి చూశాను. "ఏమీ లేదండీ."

"అయితే కలకత్తాది. ఏ గుర్తూ వెయ్యకపోవడమే వాళ్ల గుర్తు."

ఆయన నాణెం గురించే అన్నారు. కానీ భర్త పోయాక నాకంటూ ఇంక ఏం మిగిలిందని రోజూ ఏడుస్తున్న రోజులవి. ఆ మాట పట్టుకుని ఆ సాయంత్రం ఇంటిదాకా నడిచాను. మర్నాటి నుంచి చేతిలో పడిన ప్రతి బిళ్లనీ తిప్పి చూడడం మొదలుపెట్టాను. బిళ్లను చూడాలంటే ఇచ్చిన చేతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆగితే మనిషి మొహం కూడా కనపడుతుంది. నెల తిరిగేసరికి నా బస్సులో ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరింట్లో ఎవరికి బాగాలేదో నాకు తెలిసిపోయింది. కండక్టరు పని నాకు అలా వచ్చింది.

నాణేలు పోగేసే వాళ్లంటే రాజుల కాలం నాటి వెండి డబ్బులు దాచుకునేవాళ్లని అనుకునేదాన్ని. దేవసహాయం గారు వాటి జోలికే పోరు. మన కాలపు బిళ్లలే, మన చేతుల్లో తిరిగేవే ఆయనకు కావాలి. పైగా ఒక నియమం. డబ్బిచ్చి కొనకూడదు, టికెట్టు డబ్బుల్లో తనంతట తానే రావాలి. దాన్ని తీసుకోవడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరిగేది. మా ఉద్యోగంలో డ్యూటీ ఎక్కే ముందే జేబులో ఉన్న సొంత డబ్బు ఎంతో వేబిల్లు మీద, అంటే డిపోలో ఇచ్చే లెక్కల కాగితం మీద, రాయాలి. దారిలో తనిఖీవాళ్లు ఎక్కి లెక్క చూసినప్పుడు ఒక్క రూపాయి అటూ ఇటూ అయినా సంజాయిషీ రాసివ్వాలి. అందుకని ఆయనకు కావలసిన బిళ్ల తగిలితే అక్కడికక్కడ తియ్యరు. బస్సు ఆగిన చోట డ్రైవరు కోటయ్యను పిలిచి, "చూడు కోటయ్యా, నావి రెండు వేస్తున్నా, సంచిలోవి రెండు తీస్తున్నా" అని చూపించి మరీ మార్చుకునేవారు. కోటయ్య బీడీ నోట్లో పెట్టుకునే "ఆ, ఆ, చూశాలే" అనేవాడు. వాళ్లిద్దరి ఈ తంతు చూసి నాకు నవ్వొచ్చేది. రెండు రూపాయలకు సాక్షి ఏమిటని.

డిపోలో ఆయన్ని ఆటపట్టించని వాళ్లు లేరు. ఫోన్లలో ఎవడో వీడియో పెట్టాడు, ఫలానా అయిదు రూపాయల బిళ్ల ఉంటే లక్షలిస్తారని. ఇక చూడండి, గల్లాపెట్టెల్లోవి, దేవుడి గూట్లోవి, పసిపిల్లల మొలతాళ్లకు కట్టినవి కూడా విప్పుకుని ఆయన దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆయన ఓపిగ్గా భూతద్దం పెట్టి చూసి, "కోట్లల్లో అచ్చేశారయ్యా ఇది. అందరి దగ్గరా ఉన్నదానికి లక్షలెవడిస్తాడు? అచ్చేసింది తక్కువై, వెతికేవాడు ఎక్కువైతే అప్పుడు రేటు" అని చెప్పి పంపేవారు. వచ్చినవాళ్లు ఆయనకేమీ తెలియదని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు.

పది రూపాయల బిళ్లలు చెల్లవని పుకారు పుట్టిన ఏడు నాకు బాగా గుర్తుంది. మిరపకోతల రోజులు, ఆయన ఇంకా నాకు పని నేర్పుతూ నా బస్సులోనే వస్తున్నారు. పర్చూరు దాటాక పొలాల దగ్గర కూలీ ఆడవాళ్లు ఎక్కేవాళ్లు, ఒంటి నిండా కారం ఘాటు, బస్సంతా తుమ్ములు. ఒక ముసలామె కొంగుముడి విప్పి అన్నీ పది రూపాయల బిళ్లలే నా చేతిలో పోసింది. మేస్త్రీ కూలి కింద అవే ఇచ్చాడట. కొట్లో బియ్యానికి తీసుకోలేదట, ముందు బస్సు కండక్టరు దింపేశాడట. డిపోలో క్యాషియరు విసుక్కుంటాడని నాకూ భయమే. "నేనూ తీసుకోనమ్మా" అనేశాను. దేవసహాయం గారు వెనక సీటు నుంచి లేచి వచ్చారు. ఆమె చేతిలో ఉన్నవి టికెట్టుకు తీసుకుని, మిగతా వాటికి తన జేబులోంచి నోట్లిచ్చారు. కోటయ్యను పిలిచి చూపించడం మర్చిపోలేదు.

"అవి చెల్లుతాయా బాబూ?" అంది ఆమె, బిళ్లల వంకే చూస్తూ.

"నేను తీసుకున్నాగా, చెల్లినయ్యి" అన్నారాయన.

అప్పటిదాకా ఆయన్ని సార్ అనేదాన్ని. ఆ రోజు గుంటూరులో దిగి టీ తాగుతూ మొదటిసారి బాబాయ్ అన్నాను. నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దర్నీ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. భార్య మార్తమ్మ గారు అంగన్‌వాడీలో ఆయా. మాకు అన్నాలు పెట్టాక ఆయన బీరువాలోంచి చొక్కాల అట్టపెట్టె తీశారు. అందులో ప్లాస్టిక్ జేబులున్న పుస్తకం. ఒక్కో జేబులో ఒక్కో బిళ్ల, కింద చిన్న కాగితం మీద ఏడు, ఊరు, ఏ స్టేజీ దగ్గర చేతికొచ్చిందో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'ఇంకొల్లు అడ్డరోడ్డు, పాలామె.' 'చిలకలూరిపేట, పెళ్లివారు.' మా అబ్బాయి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. రెండు రూపాయల బిళ్లల పేజీ అది, పదకొండు పలకలవి, మీద భారతదేశం పటమూ జెండా ఉండేవి. అన్ని జేబులూ నిండి ఉన్నాయి, మధ్యలో ఒక్కటి ఖాళీ.

"ఇది పోయిందా తాతా?" అని అడిగాడు.

మార్తమ్మ గారు లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన పుస్తకం మూసి, పిల్లల్ని ఆడుకోమని బయటికి పంపి, నాకు మాత్రమే చెప్పారు. పెళ్లయిన కొత్తలో వాళ్లు హైదరాబాదులో తాపీ పనికి వెళ్లారు. అక్కడ వాళ్లకొక ఆడపిల్ల పుట్టింది. రూతు అని పేరు పెట్టుకున్నారు. గుండెలో ఏదో లోపం. నాలుగు నెలలు ఆస్పత్రి చుట్టూ తిప్పారు. అయిదో నెల రాలేదు. ఆ తరవాత వాళ్లకు పిల్లలు కలగలేదు.

"బిడ్డనెత్తుకుని ఆస్పత్రికి పోయే దారిలో మింటు గోడ ఉండేది. లోపల బిళ్లలు అచ్చేస్తారని ఎవరో చెప్పారు. ఓహో, వాటి మీద మా రూతు పుట్టిన ఏడే పడతది గదా అనుకున్నా. ఫోటో తీయించలా. కాయితం ముక్కయినా లేదు. ఆ ఏట ఆ ఊళ్లో తయారై ఇంకా లోకంలో తిరుగుతా ఉన్నది ఆ బిళ్ల ఒకటే గదమ్మాయ్."

ఆ సంవత్సరం ఏదో నేనిక్కడ రాయను. అది వాళ్లది. ఆ ఏడు వేసినవాటిలో నక్షత్రం ఉన్నవి బాగా తక్కువట, మిగతా ఊళ్లవి దొరికినా అది దొరకదట. గుంటూరులో పాత నాణేల వ్యాపారి దగ్గర ఒకటి ఉందని, కొన్ని వందలు చెప్పాడని కూడా అన్నారు.

"తెచ్చుకోకపోయారా?" అన్నాను.

"కొనుక్కొచ్చేదానికి అది కొట్లో సరుకా? రావాల. అదే రావాల" అన్నారు. ఆయన కళ్లలోకి చూడలేక మూసిన పుస్తకం వంకే చూస్తూ కూర్చున్నాను.

రెండేళ్లు గడవలేదు, ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఒంగోలు తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించేవాళ్లు. ఉద్యోగం మానేశారు. బస్సులో ఆ బిళ్ల కోసం చూసే మనిషి ఇంక నేనొక్కదాన్నే. ఆయన చూడాలంటే అది త్వరగా రావాలి. రెండు రూపాయల పలకల బిళ్లలు అప్పటికే బాగా తగ్గిపోయాయి, ఎక్కడ చూసినా గుండ్రటి కొత్తవే. నాకు పట్టుదల వచ్చింది. టిఫిను కొట్లవాళ్ల దగ్గర, పూలమ్మే వాళ్ల దగ్గర చిల్లర మార్చుకునేదాన్ని. కోటయ్య కూడా తన వంతు వెతికేవాడు. ఆయన్ని చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నేను చెప్పులు విడుస్తుంటేనే మొహం ఎత్తి చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "వస్తదిలే" అనేవారు, నన్ను ఓదారుస్తున్నట్టు.

అది వచ్చింది. ఒక శనివారం వేటపాలెం నుంచి వచ్చి చీరాలలో చేపల తట్టతో ఎక్కే ఆమె ఇచ్చిన చిల్లరలో. నల్లగా, జిడ్డు పట్టి, అంకెలు కూడా తెలియకుండా ఉంది. బొటనవేలితో రుద్ది చూస్తే ఆ ఏడే. కింద సన్నగా, అరిగిపోయి, మొనలు మాత్రం కనపడుతూ నక్షత్రం. పర్చూరులో బస్సు ఆగగానే కోటయ్యను పిలిచి చూపించాను. వాడు కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "నక్షత్రమేనమ్మో" అన్నాడు. నావి రెండు వేసి, సంచిలోవి రెండు తీశాను. సాక్షి ఎందుకో ఆ రోజు నాకు తెలిసింది. అంతటి సంతోషాన్ని ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను.

అంతవరకూ అన్నీ ఆయన నేర్పినట్టే చేశాను. ఆ తరవాత నా బుద్ధి ప్రకారం చేశాను. మర్నాడు ఆదివారం, ఉదయాన్నే తీసుకెళ్లి ఇవ్వాలి. ఆ చేపల జిడ్డుతో, ఆ నల్లటి మొహంతో ఎలా ఇస్తాను? పసిదాన్ని అమ్మమ్మగారింటికి పంపేటప్పుడు తలంటి పంపమూ? పెరట్లో కూర్చున్నాను. చింతపండు గుజ్జు, ఉప్పు, మెత్తటి ఇటుకపొడి, కొబ్బరిపీచు. పండగలకు మా ఇత్తడి బిందెలు తోమేది దీంతోనే. మా అమ్మ నాకు నేర్పిన పనుల్లో నన్ను అందరూ మెచ్చుకునేది అదే. ముందు ఒకసారి తోమాను. నలుపు పోయింది గానీ మెరుపు రాలేదు. మళ్లీ తోమాను. అంకెల సందుల్లో మురికి ఉండిపోయిందని అక్కడ ఇంకా గట్టిగా, పీచు మడిచి, వేలు నొప్పి పుట్టేదాకా తోమాను. తోముతూ ఏదో పాట కూడా పాడుకున్నాను. చివరికి బిళ్ల అద్దంలా మెరిసింది. కొత్త చేతిరుమాల్లో చుట్టి దేవుడి దగ్గర పెట్టాను.

దేవసహాయం గారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. ఈసారి నేను తల అడ్డంగా ఊపలేదు. ఆయనకు అర్థమైంది. చెయ్యి చాపారు. రుమాలు విప్పి అరచేతిలో పెట్టాను. అద్దం పెట్టుకుని చూశారు. "ఆ ఏడే" అన్నారు. తరవాత అద్దాన్ని కొంచెం కిందికి జరిపారు. అక్కడే ఆగిపోయారు. చాలాసేపు చూశారు. కిటికీ వైపు తిప్పి చూశారు.

"కనపడిందా బాబాయ్?" అన్నాను.

"దేంతో తోమావమ్మాయ్?"

"చింతపండు, ఇటుకపొడి. ఇత్తడిలాగా మెరిసింది కదూ?"

ఆయన కళ్లు మూసుకున్నారు. అద్దం లాక్కుని చూశాను. ఏడు కింద నున్నగా ఉంది. అరిగి అరిగి ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న ఆ మొనల్నీ నా చేత్తో నేనే చెరిపేశాను. ఇప్పుడది చూసేవాళ్లెవరికైనా ఏ గుర్తూ లేని కలకత్తా బిళ్ల. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన అంత జబ్బులో చెయ్యి చాపి నా తల మీద పెట్టారు.

"ఏడవమాక. నువ్వు చూశావుగా నక్షత్రం?"

"చూశాను బాబాయ్."

"కోటయ్య చూశాడా?"

"చూశాడు."

"ఇద్దరు సాక్షులు చాలు" అని, వంటింటి వైపు తిరిగి, "మార్తా, వచ్చిందే" అని పిలిచారు. మార్తమ్మ గారు తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చారు. బిళ్లను ఆమె చేతిలో పెట్టి, ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంటుంటే నా వంక చూశారు, నోరెత్తవద్దన్నట్టు. పుస్తకం తెప్పించి ఖాళీ జేబులో పెట్టించారు. కాగితం మీద తనే రాశారు. ఏడు. హైదరాబాదు. వేటపాలెం, చేపలామె. దాని కింద, 'నక్షత్రం ఉండేది.'

ఆ ఏటి మిరపకోతలు ముగిసేలోపే ఆయన పోయారు. చర్చి పక్క శ్మశానంలో మట్టి చేసి వచ్చాక మార్తమ్మ గారి పక్కన కూర్చున్నాను. మాట దాచుకోలేక జరిగిందంతా చెప్పేశాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు. రోజూ ఆ బిళ్ల తీసుకుని, ఏడు కింద వేలితో తడుముతానే ఉండేవాడు. 'ఇక్కడే ఉండేదంట మార్తా' అనేవాడు. ఒకసారి వెక్కి వెక్కి ఏడ్చాడు గూడా. నీకు చెప్పొద్దన్నాడు" అన్నారు. చెప్పకపోతే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. చెప్పడమే మంచిదైందని ఒక్కోసారి అనిపిస్తుంది. నా తప్పును క్షమించడం ఆయనకు సులువు కాలేదని తెలిశాక ఆ క్షమ నాకు ఇంకా బరువైంది.

ఇది జరిగిన మూడేళ్లకు, పోయిన వేసవిలో, చిలకలూరిపేటలో ఒక కాలేజీ పిల్ల ఇచ్చిన చిల్లరలో ఇంకొకటి వచ్చింది. అదే ఏడు. కింద నక్షత్రం, అయిదు మొనలూ తేటగా. దాన్ని నేను తుడవను కూడా తుడవలేదు. కోటయ్య రిటైరయ్యాడు, కొత్త డ్రైవరుకు చూపించి మార్చుకుంటే వాడు నన్ను వింతగా చూశాడు. తిన్నగా మార్తమ్మ గారింటికి తీసుకెళ్లాను. పాతదాన్ని తీసేసి ఇది పెట్టండి పిన్నిగారూ అన్నాను. ఆమె రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని చూశారు. తోమినదాన్ని తిరిగి జేబులో దోపి, కొత్తది నా చేతిలో పెట్టేశారు.

"ఇది మంచిదేనమ్మా. కానీ ఆయన చూసుకుని ఏడ్చింది దాన్ని గదా. మా పిల్ల అదే" అన్నారు.

అప్పటి నుంచి అది నా దగ్గరే ఉంది. సంచిలో వేసి ఎవరికో చిల్లరగా ఇచ్చెయ్యలేను, అమ్మనూ లేను. యూనిఫారం జేబులో చిన్న కాగితం పొట్లంలో పెట్టుకుని తిరుగుతాను. జేబులో ఉన్నది రాయాలి కాబట్టి, రోజూ డ్యూటీ ఎక్కే ముందు వేబిల్లు మీద సొంత డబ్బు దగ్గర రాస్తాను. మొన్న కౌంటరులో కొత్తగా వచ్చిన కుర్రాడు తలెత్తి అడిగాడు. "ఏంటి మేడం, రోజూ రెండు రూపాయలు? ఇంట్లో పెట్టి రావచ్చుగా?"

"ఒకాయనకి ఇవ్వాలి బాబూ" అన్నాను. వాడు ముద్ర వేసి ఇచ్చాడు. బస్సెక్కి మొదటి టికెట్టు కొట్టాను, చేతిలో పడిన బిళ్లను తిప్పి చూశాను.